క్రియాటినిన్ 1.9, టీఎస్‌హెచ్ 24.6: అమ్మకు కిడ్నీ సమస్యా, థైరాయిడ్ సమస్యా?

రేణిగుంట_రవళి | మార్చి 9, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి.

మా అమ్మకు 56 ఏళ్ళు. షుగర్ వచ్చి 14 ఏళ్ళు, బీపీ 8 ఏళ్ళు. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని 12 ఏళ్ళుగా రోజూ 75 మైక్రోగ్రాముల థైరాయిడ్ బిళ్ళ ఒకటి వేసుకుంటోంది. పోయిన ఏప్రిల్‌లో క్రియాటినిన్ (కిడ్నీ వడగట్టి పంపాల్సిన మలినం, పెరిగితే మంచిది కాదు) 1.4, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత అంకె, తగ్గితే మంచిది కాదు) 44. కిడ్నీ మూడో దశ అన్నారు. షుగర్, బీపీ అదుపులో పెట్టుకుంటే చాలన్నారు. అప్పుడు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్టు, థైరాయిడ్ తగ్గితే ఈ అంకె పెరుగుతుంది) 3.8 ఉండింది.

పోయిన వారం చేయిస్తే క్రియాటినిన్ 1.9, ఈజీఎఫ్ఆర్ 31. టీఎస్‌హెచ్ 24.6, ఫ్రీ టీ4 (రక్తంలో ఉండే థైరాయిడ్ హార్మోన్) తక్కువ. మూడు నెలలుగా పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి ఉంటోంది. కాళ్ళు పీకుతున్నాయంటుంది. అందరూ ఫ్యాన్ కింద కూర్చుంటే తను కొంగు కప్పుకుని పక్క గదిలోకి పోతుంది.

కిడ్నీ డాక్టరుకు చూపిస్తే థైరాయిడ్ కాగితం పక్కన పెట్టి, అది వేరే డాక్టరుకు చూపించమన్నారు. ఆయన దగ్గరికి పోతే క్రియాటినిన్ వైపే చూడలేదు, 75ను 125 చేసి రెండు నిమిషాల్లో పంపేశారు. కొత్త బిళ్ళ తెచ్చాం కానీ ఇంకా వేయలేదు. ఇంట్లో చుట్టాలు అప్పుడే డయాలసిస్ మాటలు మొదలుపెట్టారు. నాకు నిద్ర పట్టడం లేదు.

ఈ రెండు జబ్బులకూ సంబంధం ఉందా? లేక దేనికది వేరా?

పుత్తూరు_సురేష్ | మార్చి 9, రాత్రి 10:05

మా అత్తకూ ఈ రెండూ ఉన్నాయి చెల్లీ. టెన్షన్ పడొద్దు. 31 అంటే డయాలసిస్ మాట ఇప్పుడే అక్కర్లేదు.

ఉద్యోగం_అయిపోయిన_సిస్టర్ | మార్చి 9, రాత్రి 11:20

రవళీ, నేను కిడ్నీ వార్డులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాదు, చూసింది చెబుతున్నాను.

సంబంధం ఉంది, అదీ రెండు వైపులా ఉంది. మీ అమ్మ విషయంలో మొదట చూడాల్సింది థైరాయిడ్ నుంచి కిడ్నీ వైపు.

మన పల్లెల్లో బోరు మోటారుకు వోల్టేజీ తగ్గితే ఏమవుతుంది? ఫిల్టరు ఎంత మంచిదైనా నీళ్ళు సన్నగానే వస్తాయి. థైరాయిడ్ హార్మోన్ తగ్గినప్పుడు గుండె జోరు తగ్గుతుంది, కిడ్నీకి చేరే రక్తం తగ్గుతుంది, వడపోత మందగిస్తుంది. దానికి తోడు కండరాలు కూడా దెబ్బతింటాయి. క్రియాటినిన్ పుట్టేది కండరాల్లోనే. కాబట్టి థైరాయిడ్ బాగా పడిపోయిన మనిషికి కిడ్నీలో ఏ జబ్బూ లేకపోయినా క్రియాటినిన్ పెరగొచ్చు. హార్మోన్ సరిగా అందితే కొన్ని వారాల్లో, నెలల్లో దిగుతుంది కూడా.

మీ అమ్మకు కిడ్నీ జబ్బు ముందునుంచే ఉంది. అందుకని 1.9 మొత్తం థైరాయిడ్ వల్లే అనడం లేదు. 1.4కూ 1.9కీ మధ్య పెరిగిన దాంట్లో థైరాయిడ్ వాటా ఎంతో చూడకుండా కిడ్నీ చెడిపోయిందని ఎవరూ తీర్మానించకూడదు, అంతే.

థైరాయిడ్ ఎక్కువైన వాళ్ళలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. వడపోత జోరు పెరిగి, కండ తగ్గి, క్రియాటినిన్ ఉండాల్సిన దానికన్నా తక్కువ చూపిస్తుంది. కిడ్నీ బాగుందనుకుంటారు. థైరాయిడ్ అదుపులోకి వచ్చాక అసలు అంకె బయటపడితే, ఆ మందే కిడ్నీని పాడుచేసిందని డాక్టరు మీదికి పోయినవాళ్ళను చూశాను.

రేణిగుంట_రవళి | మార్చి 9, రాత్రి 11:41

సిస్టర్, చాలా థాంక్స్. ఇంత వివరంగా మాకు ఎవరూ చెప్పలేదు. మరి ఇన్నేళ్ళు 75తో బాగున్న థైరాయిడ్ ఒక్కసారిగా 24 ఎందుకయింది? అమ్మ ఒక్క రోజు కూడా బిళ్ళ మానదు.

మాత్రల_మామ | మార్చి 10, ఉదయం 6:15

నేను అడగాలనుకున్న ప్రశ్న నువ్వే అడిగావు. ముప్పై ఏళ్ళుగా మందుల షాపులో నిలబడ్డ అనుభవంతో ఒక పని చెబుతాను. అమ్మ వేసుకునే ప్రతి మాత్రా, ఏ టైముకు, దేనితో వేసుకుంటుందో రాయి. డాక్టరు చీటీ చూసి కాదు. అమ్మ పక్కన కూర్చుని, ఆమె చేతిలోకి ఏమేం తీసుకుంటుందో చూసి రాయి. ఎప్పుడు మొదలైందో కూడా.

ఆకుపసరు_ఆరోగ్యం | మార్చి 10, ఉదయం 7:30

ఇంగ్లీషు మందుల వల్లే కిడ్నీలు పోతున్నాయి. మా దగ్గర భస్మం, ఆకు పసరు ఉంది. 48 రోజుల్లో థైరాయిడ్, కిడ్నీ రెండూ నయం. బిళ్ళలు పూర్తిగా మానేయాలి. ఫోన్ చేయండి

[నంబరు తొలగించాం — నిర్వాహకులు]

ఉద్యోగం_అయిపోయిన_సిస్టర్ | మార్చి 10, ఉదయం 8:02

ఇలాంటి 48 రోజుల కోర్సు చేసి నేరుగా మా వార్డుకు వచ్చినవాళ్ళను నేను లెక్కపెట్టడం మానేశాను. భస్మాల్లో పాదరసం, సీసం ఉంటే అవి పేరుకునేది కిడ్నీలోనే. థైరాయిడ్ బిళ్ళ మానితే టీఎస్‌హెచ్ 24 కాదు, 100 దాటి మనిషి మగతలోకి పోయే ప్రమాదం ఉంది. రవళీ, ఈ పోస్టు అమ్మకు చూపించకు.

పలమనేరు_పద్మ | మార్చి 10, ఉదయం 10:40

ఒక డౌటు. మా ఆయనకు కిడ్నీ నాలుగో దశ. రిపోర్టులో "పారాథైరాయిడ్ హార్మోన్ 310" అని ఉంది, ఎక్కువ అన్నారు. అంటే ఆయనకూ థైరాయిడ్ వచ్చినట్టేనా? మా పక్కింటామె థైరాయిడ్ బిళ్ళ ఇస్తానంటోంది, తన దగ్గర మిగిలాయంట.

మాత్రల_మామ | మార్చి 10, ఉదయం 10:52

వద్దమ్మా వద్దు. పక్కింటామెకు దండం పెట్టి బిళ్ళలు వెనక్కి ఇచ్చేయ్.

పారాథైరాయిడ్ వేరు, థైరాయిడ్ వేరు. మెడలో థైరాయిడ్ గ్రంథి వెనక అతుక్కుని శనగగింజంత గ్రంథులు మామూలుగా 4 ఉంటాయి. పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఆ పేరు, పనిలో పోలికే లేదు. వాటి పని కాల్షియం, ఫాస్పరస్ చూసుకోవడం. కిడ్నీ దెబ్బతింటే ఫాస్పరస్ బయటికి పోదు, విటమిన్ డి పనిచేసే రూపంలోకి మారదు, కాల్షియం తగ్గుతుంది. దాంతో ఆ గ్రంథులు హార్మోన్ ఎక్కువగా వదిలి ఎముకల్లోంచి కాల్షియం లాగుతాయి. దానికి మందు వేరే. ఫాస్పరస్ తగ్గించేవి, విటమిన్ డి లాంటివి కిడ్నీ డాక్టరే రాస్తారు. థైరాయిడ్ సంగతి తెలియాలంటే టీఎస్‌హెచ్ చూడాలి.

పలమనేరు_పద్మ | మార్చి 10, ఉదయం 11:15

అమ్మయ్యా, అడిగి మంచి పని చేశాను. ఇచ్చేస్తా అన్నా.

కుప్పం_కుర్రోడు | మార్చి 10, మధ్యాహ్నం 1:30

అక్కా, మీ థ్రెడ్‌లో దూరుతున్నాను, ఏమీ అనుకోవద్దు. మా నాయనకు రెండేళ్ళుగా వారానికి 3 సార్లు డయాలసిస్. నీరసం తగ్గడం లేదని థైరాయిడ్ టెస్టు చేయించాం. టీ3 బాగా తక్కువ, ఫ్రీ టీ4 నార్మల్, టీఎస్‌హెచ్ 6.2. టీ3 బిళ్ళలు బయట దొరుకుతాయి, తెప్పించుకోమని ఒకాయన చెప్పినాడు. తెప్పించాలా?

ఉద్యోగం_అయిపోయిన_సిస్టర్ | మార్చి 10, మధ్యాహ్నం 2:10

తెప్పించొద్దు నాయనా. నిన్న నేను రెండో వైపు అన్నానే, కిడ్నీ నుంచి థైరాయిడ్ వైపు, అది ఇదే.

థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా తయారుచేసేది టీ4. దాన్ని మిగతా శరీరం టీ3గా మార్చుకుని వాడుకుంటుంది. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళలో ఈ మార్పిడి తగ్గుతుంది. ఒంట్లో ఆమ్లం పెరగడం, సరిగా తినకపోవడం, ఒంట్లో ఎప్పుడూ పైకి కనబడని వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉండడం దీనికి కారణాలు. అందుకే డయాలసిస్ వాళ్ళలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తేడా టీ3 తగ్గడమే. గ్రంథి చెడిపోయినట్టు కాదు. ఉన్న శక్తిని పొదుపు చేసుకోవడానికి ఒళ్ళే అలా సర్దుకుంటుందని డాక్టర్లు అంటారు. దాన్ని బయటినుంచి టీ3 పోసి పరిగెత్తిస్తే గుండె మీద భారం పడుతుంది, కండ కరుగుతుంది.

టీఎస్‌హెచ్ 6.2 కూడా ఇలాంటి వాళ్ళలో తరచుగా కనబడేదే. కిడ్నీ పనిచేయకపోతే అయోడిన్ బయటికి పోక ఒంట్లో నిలిచిపోతుంది, అది కూడా గ్రంథి పనిని కొంత అణచగలదు. ఫ్రీ టీ4 నార్మల్‌గా ఉండి టీఎస్‌హెచ్ 10 లోపు ఉంటే, చాలామంది డాక్టర్లు వెంటనే బిళ్ళ మొదలుపెట్టకుండా కొన్ని వారాలాగి మళ్ళీ చేయిస్తారు. మీ డాక్టర్ని అడుగు. నీరసానికి ముందు హిమోగ్లోబిన్ ఎంతుందో చూడు.

గుచ్చేది_నేనే | మార్చి 10, సాయంత్రం 4:45

ల్యాబ్ టెక్నీషియన్‌ని. కుప్పం తమ్ముడూ, ఆ రక్తం ఎప్పుడు తీశారు? డయాలసిస్ మిషను మీద ఉన్నప్పుడా, ముందా, తర్వాతా?

కుప్పం_కుర్రోడు | మార్చి 10, సాయంత్రం 4:58

డయాలసిస్ అయిపోయి సూదులు తీసేటప్పుడే తీసినారు అన్నా. మళ్ళీ గుచ్చడం ఎందుకని.

గుచ్చేది_నేనే | మార్చి 10, సాయంత్రం 5:20

అదీ సంగతి. జాలిపడి చేసే ఈ పనితో రిపోర్టు తప్పుదారి పడుతుంది. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. అది పడ్డాక తీసిన రక్తంలో ఫ్రీ టీ4 ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అంటే మీ నాయన టీ4 నిజంగా నార్మలో, నార్మల్‌లా కనిపిస్తోందో తెలియదు. ఈసారి మిషనుకు ఎక్కించక ముందు, హెపారిన్ పడకముందు తీయించు. గుచ్చేదెలాగూ గుచ్చుతారు, ఆ సూదిలోంచే తీయమను.

ఇంకొకటి, ఇది అందరికీ. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడేవాళ్ళు చాలామంది. కిడ్నీ పేషెంట్లకు రాసే విటమిన్ మాత్రల్లో కూడా బయోటిన్ ఉంటుంది. కొన్ని రకాల మిషన్ల మీద, డోసు ఎక్కువైతే, బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ, టీ4 ఎక్కువ చూపిస్తాయి. మంచి మనిషికి థైరాయిడ్ ఎక్కువైందని రిపోర్టు వస్తుంది. టెస్టుకు కనీసం 2 రోజుల ముందు ఆపాలి. కిడ్నీ సరిగా లేకపోతే అది ఒంట్లోంచి త్వరగా పోదు, ఇంకా ముందే ఆపాల్సి రావొచ్చు, డాక్టర్ని అడిగి ఆపండి. మా దగ్గర "ఏం మందులు వాడుతున్నారు" అని అడిగితే జుట్టు మాత్ర గురించి చెప్పేవాళ్ళు పదిమందిలో ఒక్కరు. దాన్ని మందని ఎవరనుకుంటారు!

కుప్పం_కుర్రోడు | మార్చి 10, సాయంత్రం 5:33

శనివారం ముందే తీయిస్తాను అన్నా. టీ3 ఆర్డరు క్యాన్సిల్.

రేణిగుంట_రవళి | మార్చి 11, ఉదయం 6:50

మాత్రల మామగారూ, ఈ పొద్దు 5 గంటలకే లేచి అమ్మ పక్కన కూర్చున్నాను. మీరు చెప్పకపోతే జన్మలో తెలిసేది కాదు.

అమ్మ దగ్గర ఒక స్టీలు డబ్బా ఉంది, పాత వక్కల డబ్బా. రాత్రే మరుసటి రోజు మాత్రలన్నీ అందులో వేసిపెట్టుకుంటుంది. పొద్దున లేచి ఫిల్టర్ కాఫీ కలుపుకుని, ఒక్కొక్క గుక్కకు ఒక్కొక్క మాత్ర. థైరాయిడ్ బిళ్ళ, గ్యాస్ మాత్ర, బీపీది, కాల్షియం, ఐరన్, అన్నీ పది నిమిషాల్లో! షుగర్ మాత్ర ఒక్కటే టిఫిన్‌తో. "మాటిమాటికీ గుర్తుపెట్టుకోలేనమ్మా, ఒకేసారి అయిపోతుంది" అంది.

కాల్షియం, ఐరన్ రెండూ నవంబరులో కొత్తగా రాసినవి. అంతకుముందు లేవు.

ఇంకా ఒకటి బయటపడింది. డబ్బా అడుగున ఒక నొప్పి మాత్రల షీటు. కాళ్ళ పీకులకని వీధి చివర షాపులో తనే కొనుక్కుని, రెండు నెలలుగా దాదాపు రోజూ వేసుకుంటోంది. పేరు చూస్తే డైక్లోఫినాక్. మాకు ఎవరికీ చెప్పలేదు.

మాత్రల_మామ | మార్చి 11, ఉదయం 7:25

దొంగ దొరికాడు, ఒకడు కాదు ఇద్దరు.

మొదటివాడు కాల్షియం. థైరాయిడ్ బిళ్ళ పేగుల్లో ఉండగా కాల్షియం గాని ఐరన్ గాని తగిలితే రెండూ అతుక్కుంటాయి. అతుక్కున్నది రక్తంలోకి పోదు, మలంలో పోతుంది. అంటే నవంబరు నుంచి అమ్మ 75 మింగుతోంది, ఒంటికి అందేది అందులో కొంతే. కాఫీ, గ్యాస్ మాత్ర కూడా తలా కొంచెం అడ్డు. కిడ్నీ వాళ్ళకు ఇచ్చే మందుల్లో థైరాయిడ్ బిళ్ళకు పడనివి చాలా ఉన్నాయి. ఫాస్పరస్ తగ్గించే కాల్షియం కార్బొనేట్, కాల్షియం ఎసిటేట్, సెవలమర్, లాంథనమ్, పొటాషియం తగ్గించడానికి నీళ్ళలో కలిపి తాగే పొడి, ఇవన్నీ అంతే. వీటికీ థైరాయిడ్ బిళ్ళకీ మధ్య 4 గంటలు ఉండాలి.

రెండోవాడు ఆ నొప్పి మాత్ర. ఈజీఎఫ్ఆర్ 44 ఉన్న మనిషి వేసుకోకూడనిది. దాన్ని ఈ క్షణం ఆపించు. డాక్టర్ని అడగాల్సిన పని కూడా లేదు. ఆ కాళ్ళ పీకులు థైరాయిడ్ పడిపోవడం వల్ల వచ్చినవై ఉండొచ్చు. అంటే చూడు, కాల్షియం వల్ల థైరాయిడ్ పోయె, థైరాయిడ్ వల్ల నొప్పులొచ్చె, నొప్పులకని మింగిన మాత్ర కిడ్నీ మీద పడె. కొలెస్ట్రాల్ మాత్ర కూడా ఉంటే చెప్పు, థైరాయిడ్ తక్కువగా ఉన్నప్పుడు దానివల్ల కండరాల నొప్పి ఎక్కువవుతుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. టైము సరిచేసి, దాంతోపాటే 125 కూడా మొదలుపెట్టొద్దు. ఇన్నాళ్ళూ అందనిది ఒక్కసారిగా మొత్తం అందుతుంది, పైన ఇంకో 50. షుగర్, బీపీ ఉన్న గుండెకు అది దడ పుట్టిస్తుంది. ఈ టైముల కాగితం పట్టుకుని మళ్ళీ డాక్టరు దగ్గరికి పో. 75 ఉంచి టైము మార్చి చూద్దామా, డోసు కూడా పెంచాలా అనేది ఆయన చెప్పాలి, నేను కాదు.

పుత్తూరు_సురేష్ | మార్చి 11, ఉదయం 8:10

మామా, మా అత్త కూడా పొద్దున్నే అన్నీ కలిపే మింగుతుంది. ఇప్పుడే ఫోన్ చేస్తా ఉండా.

వేలూరు_బస్సులో_నేను | మార్చి 11, ఉదయం 11:30

చిత్తూరు నుంచి. మా తమ్ముడిది వేరే కథ, కానీ ఇక్కడ పనికొస్తుందని రాస్తున్నా. వాడికి నెఫ్రోటిక్ సిండ్రోమ్, మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోయేది. చిన్నప్పటినుంచి థైరాయిడ్ బిళ్ళ 50 వాడేవాడు. జబ్బు ముదిరినప్పుడు 50 చాలక 75, తర్వాత 100 దాకా పెంచారు. టైము తప్పలేదు, కాల్షియం కలపలేదు, మరి ఎందుకు? హార్మోన్‌ను రక్తంలో మోసుకుపోయేది ఒక ప్రొటీన్. మూత్రంలో ఆ ప్రొటీన్ పోతుంటే దాంతోపాటు హార్మోన్ కూడా పోతుందని వేలూరులో డాక్టరు బొమ్మ గీసి చూపించారు. స్టెరాయిడ్‌తో ప్రొటీన్ తగ్గాక మళ్ళీ 50కి తెచ్చారు. అప్పుడు వెంటనే తగ్గించకపోతే ఎక్కువై చేతులు వణికాయి, అదీ చూశాం. రవళిగారూ, అమ్మ మూత్రంలో ప్రొటీన్ ఎంతో కూడా చూపించండి.

తిరుచానూరు_శాస్త్రి | మార్చి 11, మధ్యాహ్నం 3:00

మన జిల్లా బోరు నీళ్ళ వల్ల కూడా కిడ్నీలు పోతున్నాయంటారు, ఉద్దానంలో లాగా. ఆ కోణం ఎవరూ చూడరేం?

ఉద్యోగం_అయిపోయిన_సిస్టర్ | మార్చి 11, మధ్యాహ్నం 3:40

శాస్త్రిగారూ, ఉద్దానం శ్రీకాకుళం జిల్లాది. అక్కడి సమస్య షుగర్, బీపీ లేని రైతులకూ కూలీలకూ కిడ్నీ జబ్బు రావడం, అందుకే అది ఇంకా చిక్కుముడి. ఇక్కడ రవళి అమ్మకు 14 ఏళ్ళ షుగర్ ఉంది, రోజూ డైక్లోఫినాక్ ఉంది. ఎదురుగా ఉన్న కారణం వదిలి బోరు దాకా ఎందుకు?

పలమనేరు_పద్మ | మార్చి 11, సాయంత్రం 6:20

తిండి సంగతి కూడా చెప్పండి. థైరాయిడ్ ఉంటే క్యాబేజీ తినకూడదంట, రాగి సంగటి తినకూడదంట, కిడ్నీ ఉంటే పప్పు తినకూడదంట, మామిడిపండు తినకూడదంట. మేం గాలి తిని బతకాలా?

ఉద్యోగం_అయిపోయిన_సిస్టర్ | మార్చి 11, సాయంత్రం 7:05

నవ్వొచ్చింది పద్మా. క్యాబేజీ ఉడికించి మామూలుగా తింటే థైరాయిడ్‌కు ఏమీ కాదు. ఎలాగూ బిళ్ళ వేసుకునేవాళ్ళకు దాంతో పేచీ లేదు. కిడ్నీ వాళ్ళ తిండి మాత్రం పొటాషియం, ఫాస్పరస్ రిపోర్టు చూసి చెప్పాలి, అందరికీ ఒకే చీటీ కాదు. మీ ఆయనకు పొటాషియం ఎక్కువుంటే మామిడి, కొబ్బరినీళ్ళు నిజంగానే ప్రమాదం. లేకపోతే ఒక ముక్క తింటే కొంప మునగదు. సంగటి ఎంత ముద్ద అనేది డైటీషియన్‌ను అడుగు.

ఉప్పు గురించి మాత్రం గట్టిగా చెబుతాను. బీపీకి మంచిదని "సోడియం తక్కువ ఉప్పు" ప్యాకెట్లు కొంటున్నారు. అందులో సోడియం తగ్గించి పెట్టేది పొటాషియం. కిడ్నీ మనిషి, పైగా టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్ర వేసుకునే మనిషి అది తింటే పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఇక సైంధవ లవణంలో చాలావరకు అయోడిన్ కలపరు. మామూలు అయోడిన్ ఉప్పే వాడండి, తక్కువగా వాడండి.

రేణిగుంట_రవళి | మార్చి 17, రాత్రి 8:30

ఆలస్యానికి క్షమించండి. ఈసారి తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి పోయాం. కిడ్నీ విభాగం, హార్మోన్ల విభాగం రెండూ ఒకే చోట ఉన్నాయి కాబట్టి కాగితాలన్నీ ఒకే ఫైలులో పెట్టుకుని తిరిగాం. ఒక రోజంతా పట్టింది, క్యూలు తెలిసిందే కదా.

టైముల కాగితం చూడగానే డాక్టరు మేడమ్ నవ్వి, ఈ కాగితం మీకు ఎవరు రాయమన్నారు అని అడిగారు. మందుల షాపు మామ అన్నాను. 75 అలాగే ఉంచారు. 125 వద్దన్నారు. 8 వారాల తర్వాతే మళ్ళీ టీఎస్‌హెచ్, అంతకుముందు చేయిస్తే అంకె నిలకడగా ఉండదన్నారు. నొప్పి మాత్ర ఆగిపోయింది కాబట్టి గ్యాస్ మాత్ర కూడా తీసేశారు. ఈజీఎఫ్ఆర్ 31 కాబట్టి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ తగ్గించారు, 30 కిందికి పోతే పూర్తిగా ఆపాలంట. మూత్రంలో అల్బుమిన్ (ఒక రకం ప్రొటీన్) 380 ఉంది, అది షుగర్ వల్ల అన్నారు. వేలూరు బస్సు అన్నా, మీరన్నంత ప్రొటీన్ పోవడం లేదు, థైరాయిడ్ దానివల్ల కాదన్నారు.

నొప్పి మాత్ర గురించి అమ్మను మేడమ్ ఒక్క మాట అన్నందుకు దారంతా ఏడ్చింది. నాకు చెప్పుంటే బాగుండు కదమ్మా అంటే, నీకు ఆఫీసులో వంద పనులు, నా కాళ్ళ నొప్పి కూడా నీకు చెప్పాలా అంది.

కుప్పం_కుర్రోడు | మార్చి 24, ఉదయం 9:10

నాయనకు మిషనుకు ముందు తీయించాం. ఫ్రీ టీ4 పోయినసారి కన్నా తక్కువే, కానీ నార్మల్ గీతలోనే ఉంది. టీఎస్‌హెచ్ 5.8. బిళ్ళ అక్కర్లేదు, 3 నెలలకు చూద్దామన్నారు. హిమోగ్లోబిన్ 7.9. సిస్టర్ చెప్పినట్టు నీరసం అదేనంట, రక్తం పెరగడానికి వేసే ఇంజెక్షన్ డోసు పెంచినారు.

రేణిగుంట_రవళి | మే 24, రాత్రి 9:15

గంగమ్మ జాతర హడావుడిలో వారం ఆలస్యంగా టెస్టు చేయించాం. టీఎస్‌హెచ్ 5.2. ఫ్రీ టీ4 నార్మల్. డోసు అదే 75! క్రియాటినిన్ 1.6, ఈజీఎఫ్ఆర్ 38.

మొహం వాపు పోయింది. కాళ్ళ పీకులు చాలా తగ్గాయి. ఫ్యాన్ ఇప్పుడు తనే వేసుకుంటోంది.

పుత్తూరు_సురేష్ | మే 24, రాత్రి 9:22

సూపర్! థైరాయిడ్ సరిచేస్తే కిడ్నీ నయమైపోయిందన్నమాట.

రేణిగుంట_రవళి | మే 24, రాత్రి 9:40

అలా అనలేం సురేష్ అన్నా. నేనూ మేడమ్‌ను అదే అడిగాను. నొప్పి మాత్ర ఆపడం, థైరాయిడ్ టైము మార్చడం రెండూ ఒకే రోజు చేశాం. 1.9 నుంచి 1.6కు దిగిన దాంట్లో దేని వాటా ఎంతో చెప్పలేమన్నారు. 1.4కు తిరిగి రాలేదు, రాకపోవచ్చు కూడా. అల్బుమిన్ ఇంకా 350 దగ్గరే ఉంది, దానికి కొత్త మాత్ర ఒకటి రాశారు. అమ్మ ఇప్పటికీ కిడ్నీ పేషెంటే. కాకపోతే డయాలసిస్ మాట ఎత్తిన చుట్టాలు ఇప్పుడు ఫోన్ చేయడం మానేశారు.

మాత్రల_మామ | మే 25, ఉదయం 6:05

చాలా సంతోషం తల్లీ. టైములు ఎలా మార్చారో రాస్తే ఇంకొకరికి పనికొస్తుంది. నేను చెబితే షాపులో ఎవరూ వినరు, "నువ్వు మాత్రలివ్వు చాలు" అంటారు.

రేణిగుంట_రవళి | మే 25, ఉదయం 7:10

రాస్తాను మామగారూ. వంటింట్లో క్యాలెండరు పక్కన అతికించిన కాగితం చూసి రాస్తున్నాను. ఇది మా అమ్మకు డాక్టరు ఒప్పుకున్నది, మీ ఇంట్లో మీ డాక్టర్ని అడిగి పెట్టుకోండి.

పొద్దున 5కు లేవగానే థైరాయిడ్ బిళ్ళ, గ్లాసు నీళ్ళతో. ఆ బిళ్ళ సీసా మంచం పక్కనే ఉంటుంది, వక్కల డబ్బాలో వేయడానికి వీల్లేదు. 6 దాకా కాఫీ లేదు. దీని మీద ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది, ఇప్పుడు 5:50కే పాలు పొయ్యి మీద పెట్టి గడియారం చూస్తూ నిలబడుతుంది. 7:30కు టిఫిన్, దాంతో షుగర్, బీపీ మాత్రలు. కాల్షియం మధ్యాహ్నం 1కి అన్నంతో. ఐరన్ సాయంత్రం 6కు, కాల్షియానికీ దానికీ కూడా పడదంట కదా. టెస్టుకు పోయే రోజు రక్తం ఇచ్చాకే థైరాయిడ్ బిళ్ళ.

ఏకాదశి రోజు అన్నం తినదు కాబట్టి కాల్షియం ఏం చేయాలని నిన్న అడిగింది. అది మేడమ్‌ను అడగడం మర్చిపోయాను.

మాత్రల_మామ | మే 25, ఉదయం 7:18

ఫాస్పరస్ కోసం రాసిన కాల్షియం అయితే భోజనంతోనే దాని పని, భోజనం లేకపోతే మామూలుగా ఆ పూట వేయరు. ఎముకల కోసం రాసినదైతే లెక్క వేరు. చీటీలో ఎందుకని రాశారో చూసి చెప్పు. ఏకాదశి అయినా థైరాయిడ్ బిళ్ళ మాత్రం ఆపొద్దు. షుగర్ మాత్ర గురించి మాత్రం ఉపవాసానికి ముందే మేడమ్‌ను అడుగు, కొన్ని షుగర్ మాత్రలు తిండి లేకుండా వేస్తే కళ్ళు తిరిగి పడొచ్చు.

రేణిగుంట_రవళి | మే 25, ఉదయం 7:26

చీటీ తీశాను. "భోజనంతో" అని ఉంది, ఎందుకో రాయలేదు. ఈ పొద్దే ఫోన్ చేసి రెండూ అడుగుతాను.